ఎర్రబడ్డ వెండి

మంగళవారం అత్తగారిని ఫిజియోథెరపీకి ఎవరు తీసుకెళ్ళాలన్న మాట కూర గిన్నె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి మళ్ళీ మొదటికే వచ్చింది. భర్త తన సంగతి ముందే తేల్చేశాడు. పొద్దున పూట కళ్ళజోళ్ళ దుకాణం మూసిపెడితే, వచ్చినవాడు తలుపు చూసి ఇంటికి పోడు, ఎదురు వీధి దుకాణంలోకి పోతాడు. కూతురు తనకు పరీక్షలన్నది. అత్తగారు విరిగి అతుక్కుంటున్న మణికట్టును ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో చెంచాను దారిలో పెట్టడానికి తంటాలు పడుతూ, తన కోసం ఎవరూ పనులు మానుకోనక్కర్లేదనీ, చెయ్యి వంకరగా అతుక్కుంటే ఆ వంకర చేత్తోనే నాలుగు రోజులు గడిపేసి పోతాననీ అన్నది.

"నాలుగు రోజులకా నానమ్మా నిన్న కొత్త చెప్పులు కొనిపించుకున్నావు?" అన్నది మనవరాలు.

నవ్వు రావలసిన చోట రాలేదు. అందరూ కోడలి వైపే చూస్తున్నారు. నేనే తీసుకెళ్తాలెండి అన్న మాట ఎప్పుడూ ఆ మూల నుంచే వచ్చేది.

ఆమె చేతులు బల్ల కింద ఉన్నాయి. గోళ్ళ చుట్టూ ఎంత తోమినా పోని పాలిష్ నలుపు, చూపుడు వేలి మీద రంపపు బ్లేడు గీసిన సన్నని గాట్లు. మంగళ, గురువారాల్లో పది నుంచి ఒంటిగంట దాకా ఆమె కమ్యూనిటీ కాలేజీలో లోహపు పనీ నగల తయారీ నేర్చుకుంటోంది. అత్తగారు జారిపడ్డ దగ్గర నుంచీ క్లాసులు చాలానే పోయాయి. ఈ వారంతో మొదటి విడత అయిపోతుంది. క్లాసులో తొమ్మిది మంది. రెండో విడత నడిచే గదిలో బల్లలు ఎనిమిదే. ఎవరెవరిని తీసుకునేదీ హాజరు చూసి చెప్తానన్నాడు మాస్టారు. ఆ మిగిలిపోయే మనిషి ఎవరో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. క్లాసులో అందరికన్నా పెద్దవాడైన డ్రైవరు గారు కూడా ఒక్కరోజు మానలేదు.

"సరదాకి మొదలుపెట్టావు. సరదా తీరింది గదా," అన్నాడు భర్త. కోపంగా కాదు, దుకాణంలో బేరం కుదిర్చే గొంతుతో.

"తీరలేదండీ."

గట్టిగా కూడా అనలేదు. కానీ ఆయన చెంచా ఆపి చూశాడు. కాసేపటికి కూతురు నిట్టూర్చి, ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని కూడా చదువుకోవచ్చులే, ఈ మంగళవారానికి తను తీసుకెళ్తానన్నది. గురువారం సంగతి ఎవరూ ఎత్తలేదు.

*

క్లాసు గది కాలేజీ వెనక, బండ్లు నిలిపే షెడ్డు పక్కన. ప్రతి పనిబల్లకూ మనిషి కూర్చునే చోట అర్ధచంద్రాకారంలో కోత, దాని కింద రాలిన వెండి పొడి పట్టుకోవడానికి వేలాడదీసిన తోలు ముక్క. ఆమె చేస్తున్నది బొటనవేలంత లాకెట్టు: చిన్న కిటికీ, కిటికీకి ఊచలు. ఊచల మధ్య వెండిని రంపంతో కోసి తీసేసరికే ఎన్నో బ్లేడ్లు విరిగాయి. బ్లేడు విరిగినప్పుడల్లా మాస్టారు ఒకటే చెప్పేవాడు. తోయకండి, అది పోయే దారి దానికి తెలుసు, మీరు పట్టుకుంటే చాలు.

ఆ మంగళవారం అందరివీ ఆఖరి అతుకులు. ఆమె కిటికీ నెత్తిన చిన్న రింగు పెట్టి, వెలిగారం రాసి, టంకం ముక్క ఒకటి పట్టకారు కొసతో ఎత్తి పెట్టి, గ్యాస్ మంటను దూరం నుంచి మెల్లగా దగ్గరికి తెచ్చింది. వెలిగారం పొంగింది, అణిగింది, గాజులా మెరిసింది. ముందు చుట్టూ వేడెక్కాలి. తొందరపడి టంకం మీదనే మంట పెడితే అది ముడుచుకుని బంతై కూర్చుంటుంది. ఆమె ఊపిరి బిగబట్టింది. టంకం ఒక్కసారి కరిగి, సన్నని మెరుపు గీతలా సందులోకి పరిగెత్తింది. అతికింది.

కాల్చిన వెండికి నల్లటి పొర పడుతుంది. అది పోవడానికి వేడి యాసిడ్ నీళ్ళలో వేస్తారు. దాన్ని క్లాసులో అందరూ పులుపు కుండ అంటారు. ఆ కుండకు ఒకటే నియమం, గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టిన నియమం: ఇనుము తగలకూడదు. తీయడానికీ వేయడానికీ రాగి పట్టకారే వాడాలి. ఆమె లాకెట్టును వేసేటప్పటికే కుండ అడుగున అందరి వస్తువులూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. బ్యాంకులో పనిచేసే అమ్మాయి చెవిపోగులు, ఎవరిదో బ్రోచి, డ్రైవరు గారి ఉంగరం.

డ్రైవరు గారు బస్సు నడిపి రిటైరైన మనిషి. కుడిచెయ్యి కొంచెం వణుకుతుంది. మూడు నెలలుగా చేస్తున్నది ఒకే ఉంగరం, భార్య కోసం. ఆవిడ వేళ్ళ కణుపులు వాచిపోయి దుకాణాల్లో దొరికే ఏ సైజూ ఎక్కడం లేదట. కొలతకు ఒక తాడు ముక్క ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. "స్టీరింగంత చేయకండి డ్రైవరు గారూ," అని బ్యాంకమ్మాయి ఏడిపిస్తే, "మా ఆవిడ చేతిలో ఉండేదీ అదేగా," అనేవాడు.

మాస్టారు రెండు ముక్కలు కదలకుండా అతకడం ఎలాగో బ్యాంకమ్మాయికి చూపిస్తున్నాడు. రాయి పొదిగే గిన్నెలాంటి ముక్కను తన నమూనా ఉంగరానికి ఆనించి, చుట్టూ సన్నని ఇనుప తీగ చుట్టి మెలేశాడు. కాల్చాడు. నీళ్ళలో ముంచాడు. అప్పుడే ఫోను మోగింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఎవరితోనో ఆస్పత్రి, రిపోర్టులు అంటూ, ఉంగరాన్ని తీగతో సహా పులుపు కుండలో వేసి తలుపవతలికి వెళ్ళిపోయాడు.

ఆమె చూసింది. తీగ, అనుకుంది. నోరు తెరిచింది కూడా. మాస్టారికి మనం చెప్పేదేమిటి, ఏదో ఉపాయం ఉండి ఉంటుంది అనుకుని మూసేసింది.

బ్యాంకమ్మాయి కేకతో అందరూ కుండ చుట్టూ చేరారు. అప్పటికే మాస్టారు లోపలికి వచ్చి తన ఉంగరం తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు. తర్వాత పట్టకారుతో పైకి తీసిన చెవిపోగులు వెండిలా లేవు. చిగుళ్ళ రంగులో, ఎర్రగా ఉన్నాయి. ఆ తర్వాత తీసినవన్నీ అంతే. ఆమె కిటికీ ఊచలతో సహా ఎర్రబడింది.

ఆ నీళ్ళలో కరిగి ఉన్న రాగి, ఇనుము తగలగానే వచ్చి వెండికి పట్టుకుందని చెప్పాడు మాస్టారు. గరుకు కాగితంతో రుద్దుకోవాలి, గురువారానికి ఎవరివి ఎంత తెల్లబడితే అంత. చెప్తూనే గది చుట్టూ చూశాడు. ఆయన చూపు డ్రైవరు గారి బల్ల మీద పడున్న స్టీలు పట్టకారు దగ్గర ఆగింది. కొన్నాళ్ళ క్రితం డ్రైవరు గారు దాన్ని కుండలో ముంచబోతే మాస్టారు అందరి ముందూ కేకలేశాడు.

"మళ్ళీ పెట్టారా?"

డ్రైవరు గారు పట్టకారు వంక చూశాడు. తర్వాత తన చేతి వంక చూసుకున్నాడు.

"పెట్టానేమో మాస్టారూ."

"ఏమో ఏమిటండీ?"

"గుర్తులేదు. అప్పుడు పెట్టబోయాను గదా. పెట్టే ఉంటాను."

ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమెకు భరించలేనట్టు అనిపించింది. ఎవరైనా ఒకరు తిడితే బాగుండును. ఆయన బల్ల బల్లకూ వెళ్ళి, ఒక్కొక్కరికీ క్షమించమని చెప్పుకుంటూ వచ్చాడు. ఆమె దగ్గరికి వచ్చి, ఎర్రటి కిటికీని రెండు వేళ్ళతో ఎత్తి వెలుగుకు పట్టాడు.

"ఎంత బాగా వచ్చిందో చెల్లెమ్మా. నా చేత్తో పాడుచేశాను."

ఆమె కిటికీని తిరిగి అందుకుంది. "పర్లేదండీ," అన్నది. అనగానే, తప్పును తను కూడా ఆయన చేతిలో పెట్టినట్టయింది.

బల్ల తుడుచుకుని వెళ్ళబోతుంటే మాస్టారు తలుపు దగ్గర ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు. డ్రైవరు గారిని ఇక మంట దగ్గర ఉంచలేననీ, ఎనిమిదో బల్ల ఆమెకేననీ. గురువారం ప్రకటించేదాకా ఎవరితోనూ అనవద్దన్నాడు.

*

ఎనిమిదో బల్ల తనకే వచ్చిందని ఇంట్లో చెప్పింది. చెప్పకుండా ఉండాలనే వచ్చింది కానీ, చెప్పులు విప్పేలోపే కూతురు ముఖం చూసి అడిగేసింది. రాత్రి భర్త దుకాణం నుంచి వచ్చి, వినీ విననట్టు స్నానానికి వెళ్ళాడు. తువ్వాలు భుజాన వేసుకుని తిరిగొచ్చి, ఫిజియోథెరపీ వాళ్ళతో తను మధ్యాహ్నమే మాట్లాడాననీ, ఇకమీదట బుధ, శనివారాల సాయంత్రం రమ్మన్నారనీ చెప్పాడు.

ఆమె ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మధ్యాహ్నం అంటే, ఆమెకు బల్ల దొరికిన సంగతి తెలియక ముందే.

"తీరలేదన్నావుగా," అన్నాడు ఆయన, తువ్వాలుతో చెవి తుడుచుకుంటూ. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం వంట కూడా తనదేనన్నాడు.

"వాడి వంటా?" అన్నది అత్తగారు. "ఆ రెండో చెయ్యి కూడా విరిగినా బాగుండు, తినే పని తప్పేది."

ఈసారి అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంత కాలం అడగలేక అడిగినదంతా ఒక్క పూటలో చేతికి వచ్చింది. నవ్వు ఆగగానే వంటింటి పంపు దగ్గర నిలబడి, గరుకు కాగితం మడిచి కిటికీ ఊచల మధ్య రుద్దడం మొదలుపెట్టింది. పైన తెల్లబడింది. రంపం తిరిగిన మూలల్లో మాత్రం ఎరుపు అలాగే ఉంది. ఇంకా రుద్దితే ఊచలు అరిగిపోతాయి. వదిలేద్దామని పక్కన పెట్టేది, మళ్ళీ తీసుకునేది. గురువారం ఎవరైనా తనను అడిగితే ఏం చెప్పాలో లోలోపల వల్లె వేసుకుంది. ఎవరూ అడగరు. అందులోనే తేలిక ఉండాలి కదా అనుకుంది. తేలిక రాలేదు.

*

బుధవారం సాయంత్రం అత్తగారిని తనే తీసుకెళ్తానన్నది. అంతా తన కోసం సర్దుకున్నారు, ఆ మాత్రం చేయాలనిపించింది. వేడి మైనం వాసన కొట్టే ఫిజియోథెరపీ గదిలో అడుగు పెట్టగానే, గోడవారగా కుర్చీలో డ్రైవరు గారు కనిపించాడు. పక్కన ఆయన భార్య కాబోలు, బొద్దుగా ఉన్న ఆవిడ, కణుపుల నొప్పికి చేతులు రెండూ మైనంలో ముంచుకుని, తెల్లటి చేతితొడుగులు వేసుకున్నట్టు పైకెత్తి పట్టుకుని కూర్చుంది.

వెనక్కి తిరిగిపోదామన్నా అత్తగారి భుజం తన చేతిలో ఉంది. ఆడవాళ్ళిద్దరూ చేతుల కబుర్లలో పడ్డారు. ఎవరి చెయ్యి ఎంత వంగుతోంది, ఎవరికి రాత్రిళ్ళు సలుపు. మాటల్లో మాటగా ఆవిడ భర్త వైపు తల ఊపింది. నిన్న ఇంటికొచ్చి కుండ సంగతి చెప్పిన దగ్గర నుంచీ ఆయన్ని స్టవ్ దగ్గరికి రానివ్వడం లేదట. బండి తాళాలు అల్లుడికి ఇచ్చేశారట. చేసిన పని గుర్తులేకపోవడం మొదలైతే ఇక ఎంత జాగ్రత్తగా ఉన్నా తక్కువేనట. దిగులుతోనే చెప్పింది, నెపం వేసినట్టు కాదు.

డ్రైవరు గారు ఆ మాటలు విననట్టు నేల చూస్తూ కూర్చున్నాడు. ఆవిడను లోపలికి పిలిచాక, కుర్చీ అంచుకు జరిగాడు.

"చెల్లెమ్మా, మీది నా పక్క బల్లే గదా. నేను ఆ పట్టకారు కుండలో పెట్టడం చూశారా?"

"లేదండీ. నేను చూడలేదు."

నిజమే. అయినా ఆమె చెవులు వేడెక్కాయి.

"ఎవరైనా చూశామంటే బాగుండును," అన్నాడాయన. "చేశానని తెలిస్తే ఒక దారి. ముప్పై ఏళ్ళు జనాన్ని ఎక్కించుకుని తిరిగాను, ఏ మలుపులో ఏం చేశానో చెప్పగలను. నిన్నటి పట్టకారు మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు. పొద్దుట్నుంచీ ఇంట్లో ప్రతిదీ రెండుసార్లు ముట్టుకుని చూస్తున్నా, తాళం వేశానా, కుళాయి కట్టేశానా అని."

తిరిగి వచ్చేటప్పుడు అత్తగారు దుకాణాల వెలుగుల్లో చాలా దూరం మాట్లాడకుండా నడిచింది. ఆవిడకు అది అలవాటు లేని పని.

"ఆయన అడిగినప్పుడు నీ మొహం చూశాను," అన్నది చివరికి. "కూరలో ఉప్పు మర్చిపోయినప్పటి మొహం. ఏమిటది?"

ఆమె చెప్పింది. ఫోను, తీగ, ఎనిమిదో బల్ల తనకెలా వచ్చిందో, అన్నీ. అత్తగారు ఆగి, ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"చెప్తే నీ చోటు పోతుంది."

"పోతుంది అత్తయ్యా."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ మాస్టారు ఏ మొహంతో ఒప్పుకుంటాడు? ఆయన కాదంటే ఇద్దరి మధ్యా నువ్వు చెడ్డదానివి. ఊరుకో. మావాడు నీ కోసం వంట కూడా చేస్తానంటున్నాడు, జన్మకోసారి వచ్చే ఘడియ అది." నాలుగడుగులు వేశాక మళ్ళీ అడిగింది. "ఆ డ్రైవరాయనకు ఎన్నేళ్ళుంటాయి?"

"మీకన్నా చిన్నవారేనేమో."

అత్తగారు విరిగిన మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని ఇంటి దాకా నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, నాకేం చెప్పలేదు నువ్వు, నేనేం వినలేదు, అన్నది.

*

గురువారం ఆమె అందరికన్నా ముందు వెళ్ళింది. మాస్టారు ఒక్కడే, పులుపు కుండలో పాత నీళ్ళు పారబోసి కొత్తవి కలుపుతున్నాడు. తలుపు దగ్గరే నిలబడితే ధైర్యం పోతుందని, ఆమె తిన్నగా ఆయన బల్ల దాకా నడిచింది. దారిలో వల్లె వేసుకున్న మర్యాద వాక్యాలన్నీ ఎక్కడికో పోయాయి.

"ఆ రోజు కుండలో ఇనుము పెట్టింది డ్రైవరు గారు కాదు మాస్టారూ. మీరు ఫోనులో ఉన్నారు. తీగ తీయకుండా వేశారు. నేను చూశాను."

ఆయన కలుపుతున్న చెయ్యి ఆపలేదు. కర్ర గరిటె అంచు కుండకు తగులుతున్న చప్పుడు కాసేపు సాగింది. తర్వాత ఆయన గరిటె పక్కన పెట్టి, ఏప్రన్ జేబులోకి చెయ్యి పోనిచ్చి, మెలితిరిగిన తీగ ముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. యాసిడ్ తిని అక్కడక్కడా సన్నబడింది.

"తెలుసమ్మా," అన్నాడు.

ఆమె ఎదురుచూసినది ఇది కాదు. కోపానికి, దబాయింపుకు సిద్ధపడి వచ్చింది.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఉంగరం తీసినప్పుడే చూశానన్నాడు. చెప్పేవాడినేనని, ఈలోపు ఆ పెద్దాయన తనంతట తనే ఒప్పేసుకున్నాడని అన్నాడు. "ఆ చెయ్యి వణకడం చూస్తుంటే ప్రతి క్లాసూ నాకు ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నట్టే ఉంటుంది. గ్యాస్ మంటమ్మా. ఒంటికి అంటుకుంటే? మీ చెయ్యి వణుకుతోంది, రావద్దని ఒక ముసలాయన మొహం మీద ఎలా అంటాను? ఆ మాటకన్నా ఇది మెత్తగా ఉంటుందనుకున్నాను."

"మెత్తగా లేదు మాస్టారూ. ఆయన చెయ్యి వణుకుతుందని ఆయనకు తెలుసు. మతి పోతోందని మాత్రం ఇప్పుడు కొత్తగా నమ్ముతున్నాడు. వాళ్ళావిడ బండి తాళాలు తీసేసుకుంది. స్టవ్ ముట్టనివ్వడం లేదు."

మాస్టారు తల ఎత్తాడు. ఆ సంగతి ఆయనకు తెలియదని ముఖమే చెప్పింది. తీగ ముక్కను బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు.

"హాజరు చూస్తే బల్ల ఆయనదే," అన్నాడు. "మీకు ఉండదు."

"తెలుసండీ."

"మళ్ళీ ఆర్నెల్ల దాకా లేదు."

ఆమె తల ఊపింది.

అందరూ వచ్చాక మాస్టారు ఏప్రన్ విప్పి, మడిచి, అప్పుడు చెప్పాడు. పొడవుగా చెప్పలేదు. తీగ చూపించాడు, తనదేనన్నాడు, ఆ రోజే తెలిసి ఊరుకున్నానన్నాడు. బ్యాంకమ్మాయి మాస్టారి వంక, డ్రైవరు గారి వంక మార్చి మార్చి చూసింది. డ్రైవరు గారు లేచి ముందుకు వచ్చి, ఆ తీగను అందుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు కోపం వస్తుందనుకున్నారు అందరూ.

"నేను పెట్టలేదన్నమాట," అన్నాడు. ఇంకోసారి, తనలో తాను, "పెట్టలేదు."

జేబు రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ తర్వాత మాస్టారు, చేతి సంగతి కూడా చెప్పాలి డ్రైవరు గారూ అని మొదలుపెట్టి, అది కూడా చెప్పాడు. వచ్చే విడతలో మంటను స్టాండుకు బిగించి ఇస్తాననీ, తను పక్కన లేకుండా వెలిగించకూడదనీ అన్నాడు. డ్రైవరు గారు ఒప్పుకున్నాడు. బ్రేకులు బాగోలేని బండి చాలా నడిపాను, అన్నాడు. పేర్లు చదివినప్పుడు ఎనిమిదో పేరు ఆయనది. ఆమె తన కిటికీని ప్రదర్శన బల్ల మీద మిగతావాటి పక్కన పెట్టింది. మూలల్లో ఎరుపు ఇంకా ఉంది.

*

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి కంచాలు పెట్టి ఉన్నాయి. భర్త దుకాణం కాసేపు మూసి వచ్చి, అన్నట్టుగానే వండాడు. కూర కొంచెం మాడింది. కూతురు ఆ ముక్కలను కంచం అంచుకు నెడుతోంది. అత్తగారు మాత్రం మాడుముక్కే కావాలని అడిగి మరీ వేయించుకుంది, ఎడమచేత్తో ఇప్పుడు చెంచా బాగానే తిరుగుతోంది.

ఆమె చేతులు కడుక్కుని కూర్చుంది. ఈసారి వాటిని బల్ల మీదనే పెట్టుకుంది.

"వచ్చే విడతలో నాకు చోటు లేదు," అన్నది. ఎందుకో కూడా చెప్పింది, నాలుగు మాటల్లో.

కూతురు తినడం ఆపేసింది. అత్తగారు కంచంలోకి చూస్తూ కూర్చుంది, కానీ ఊరుకోమన్నానుగా అని అనలేదు. చేతికొచ్చినదాన్ని ఎవరైనా వదులుకుంటారా అని భర్త మొదలుపెట్టి, సగంలో ఆగాడు. ఆమె ముఖంలో ఏం కనిపించిందో, గరిటెతో ఆమె కంచంలో మాడని వైపు నుంచి కూర తీసి వేశాడు. తర్వాత, లెక్కలు తెలిసిన మనిషిలా ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే అమ్మ ఫిజియోథెరపీ మళ్ళీ పొద్దుటికే మార్చమంటాను. సాయంత్రాలు దుకాణంలో గిరాకీ ఎక్కువ. ఎలాగూ ఇక నువ్వు ఇంట్లోనే ఉంటావు గదా."

"మార్చకండి," అన్నది ఆమె.

ఆయన వేలు ఫోను మీద ఆగింది. ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"మంగళ, గురువారాలు పది నుంచి ఒంటిగంట దాకా నావి. రంపమూ ఆకురాళ్ళూ కొనుక్కుంటాను. మంట లేకుండా చేసే పని చాలా ఉంది, ఆర్నెల్లకు సరిపోయేంత. ఆ వేళ ఇంట్లోనే ఉంటాను." కంచం దగ్గరికి లాక్కుంది. "లేననుకోండి."